నాలుగో తల

కానోలో హర్మటాన్ గాలి మొదలైందంటే
ఎడారి లేచొచ్చి మా షాపులో కూర్చుంటుంది,
టీ గ్లాసు అంచు మీద, కనురెప్పల మీద,
ఆరు తలల ఎంబ్రాయిడరీ మిషను హుక్కుల సందుల్లో.
పొద్దున్నే కుంచెతో దాన్ని ఊడ్చేవాణ్ణి.
ఒక్కో హుక్కుకి ఒక్క చుక్క నూనె.
రెండో చుక్క రాలితే హజియా కాందే వెనకనుంచి,
"గంబో, అది మిషనురా, తాలింపు కాదు."

పెళ్లివారివి ఆరు బాబ్బన్ రీగాలు.
తెల్లటి బట్ట, మెడ నుంచి గుండె దాకా ఎనిమిది కత్తుల కుట్టు.
ఆరు తలలూ ఒక్కసారే వంగి
ఒక్కసారే లేస్తున్నాయి.

నాలుగో తల దగ్గర దారం తెగింది.
ఒకదానికి తెగితే ఆరూ ఆగుతాయి.
ఎక్కించాం. తెగింది.
మళ్ళీ ఎక్కించాం. పలక కింద
పిచ్చుక గూడంత చిక్కు.

హజియా సూది మార్చింది. దారం కండె మార్చింది.
పైన మర పావు చుట్టు వదులు చేసింది.
బాబిన్ కేసుని దారం కొసన వేలాడదీసి కుదిపితే
సాలీడులా రెండంగుళాలు దిగి ఆగింది.
అక్కడా తప్పు లేదు.
ఈలోగా కరెంటు పోయింది.
జనరేటర్ తాడు లాగి, నలభై కుట్లు వెనక్కి నడిపి,
కత్తి మొనని కత్తి మొన మీదికి తెచ్చేసరికి
మళ్ళీ అదే తల, అదే తెగడం.

నేను తేలు కుట్టిన దొంగని.

ఆదివారం షాపు మూసున్నప్పుడు
తాళం తీసి ఒక టోపీ పట్టీ కుట్టాను.
ఫ్రేము సరిగ్గా చూసుకోలేదు.
సూది వెళ్ళి అంచుకి కొట్టుకుని టప్పుమంది.
పై ముక్క దొరికింది. మొన దొరకలేదు.
కొత్త సూది బిగించి
పాత ముక్కని మురిక్కాలవలో పారేశాను.

సాయంత్రానికి టాంకో వచ్చాడు,
మోటర్ సైకిలు మీద, టమాటా డబ్బాల్లో పనిముట్లతో.
మిషను తిప్పమని, కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు.
"ఇక్కడ సూది ఎప్పుడు విరిగింది?"
"విరగలేదు," అంది హజియా.
అతను ఎవరి మొహమూ చూడలేదు.
జేబులోంచి పాత నైలాన్ మేజోడు ముక్క తీసి
పలక చిల్లు చుట్టూ నెమ్మదిగా తిప్పాడు.
ఒకచోట పట్టింది.
కంటికి కనపడని గరుకు. అక్కడే
దారం మెడ కోసుకుంటోంది.

"టార్చి పట్టు," అన్నాడు నాతో.
పలక విప్పి, నూనె తాగిన దూది కింద
పట్టకారుతో వెతికి,
నువ్వుగింజంత మెరుపుని పైకి తీశాడు.
నా చెయ్యి వణికింది.
"వెలుతురు కదలకూడదు," అన్నాడు. అంతే.
ఆ మొనని డబ్బాలో వేసి మూత పెట్టాడు.

తర్వాత సన్నటి గరుకు తాడు నా చేతికిచ్చి
చిల్లు అంచుని రుద్దమన్నాడు.
రుద్దాను. మేజోడు పెట్టి చూశాడు. పట్టింది.
రుద్దాను. పట్టింది.
ఇషా నమాజు పిలుపు వినిపించాక
మేజోడు నీళ్ళ మీద ఆకులా జారింది.
తెల్లారేలోగా నలభై ఎనిమిది కత్తులూ పూర్తయ్యాయి.

ఇప్పుడు నాదీ ఒక షాపు, నాలుగు తలలే.
సూది విరిగితే రెండు ముక్కలూ
నా అరచేతిలో పెట్టేదాకా స్విచ్ వెయ్యనివ్వను.
మా కుర్రాడు షెకరావు నన్ను చాదస్తం అంటాడు.

మొన్న హజియాని చూడబోయాను.
చూపు మందగించింది, వేళ్ళు మాత్రం ఇంకా
దుప్పటి కుట్లు లెక్కపెడుతున్నాయి.
పదకొండేళ్ళ నాటి ఆదివారం గురించి చెప్పాను.

"మిషను కుట్ల లెక్క చూపిస్తుందిరా.
సోమవారం చూస్తే తొమ్మిది వేలు ఎక్కువున్నాయి.
టోపీ సంగతి తెలుసు. సూది సంగతే తెలీదు."
కాసేపాగి, ఒక వక్క నోట్లో వేసుకుని,
"ఎవరికి కుట్టావు?"
"తమ్ముడికి."
"తలకి సరిపోయిందా?"